నల్లది, తెల్లది, మా అత్త

మా అత్త పోయిందన్న కబురు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున వచ్చింది. గార్లదిన్నె దగ్గర మా స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఫోన్ చేసింది ధర్మవరంలో అత్త పక్కింటామె. అత్త కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకొని కూర్చుందట. పిలిస్తే పలకలేదట. సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను.

బస్సు అనంతపురం దాటకముందే ఫోన్‌లో ఇంకొకటి వచ్చింది. పాత కంప్యూటర్లు సేకరించే ఒక బృందం పెట్టిన పోస్టు అది. బంధువుల్లో ఎవరి స్టేటస్సో చూసి ఉంటారు. చేనేత మాస్టర్‌గారి సతీమణి ఇక లేరని, భర్త సేకరించిన రెండు అరుదైన కంప్యూటర్లను ఆయన జ్ఞాపకంగా పదిలపరిచిన ఇల్లాలని రాశారు. పైన ఫోటో మా మామది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ పోస్టులో ఆమె చనిపోయిందన్న ముక్క తప్ప ఏదీ నిజం కాదు.

ఆ కంప్యూటర్లతో ఆడింది మామ కాదు. వాటి గురించి నోటుబుక్కు నిండా రాసింది అంతకన్నా కాదు. మామ మంచివాడే. పన్నెండేళ్ళ కిందట పోయిన మనిషి మీద నాకే కోపమూ లేదు. బతికుంటే ఆ పోస్టు చూసి ముందు సిగ్గుపడేది ఆయనే. ఆయనకు ఆ మిషన్లంటే భయం. స్విచ్చి వేయాలన్నా అత్తనే పిలిచేవాడు.

పోస్టు కింద నిజం రాశాను. గంటలో తీసేశారు. మళ్ళీ రాస్తే నన్నే గ్రూపులోంచి తీసేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మా అత్త మెత్తని మనిషి కాదు. మెత్తగా రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఆమె మా నాయనకు చెల్లెలు. పదో తరగతి దాకా చదివింది. పట్టుచీరల అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు గీసి, ఆ గళ్ళ లెక్క ప్రకారం మగ్గం మీదికి ఎక్కే అట్టలకు బొక్కలు కొట్టడం ఆమె పని. ఒక్క బొక్క పక్కకు పడితే అంచులో నెమలి మెడ విరిగిపోతుంది. అలాంటి తప్పు ఆమె చేతిలో జరగ్గా నేను చూడలేదు. వేరేవాళ్ళు చేస్తే మాత్రం వీధి చివరిదాకా వినబడేలా తిట్టేది. తిట్టి, వాళ్ళ పక్కనే కూర్చుని పొద్దుగూకేలోపు సరిచేయించేది.

ఎనభైల చివర్లో మామ చీరలు తీసుకుని బెంగళూరు పోయినప్పుడు, పాత సామాన్ల అంగట్లో ఒక కంప్యూటర్ కనబడిందని కొనుక్కొచ్చాడు. పలక కంటే కాస్త చిన్నది, నల్లది, రబ్బరు మీటలు. వైరు తెచ్చి టీవీకి తగిలించాలి. దీంతో డిజైన్లు గీయొచ్చని అంగడాయన చెప్పాడట. అందుకు అదేమీ పనికిరాలేదు. దాంతో వచ్చిన క్యాసెట్లలో ఉన్నవన్నీ ఆటలే. రెండేళ్ళకు, కువైట్‌లో పనిచేసే మామ స్నేహితుడొకాయన తన పిల్లలు ముట్టడం లేదని ఇంకొకటి ఇచ్చిపోయాడు. అది తెల్లది, బరువైనది. ఆటకు పట్టుకునే చిన్న కర్ర మీటల పక్కనే దానికి అతికి ఉండేది. రెండూ మన దేశంలో పెద్దగా ఎవరూ చూడని రకాలు. పేర్లు చెప్పినా మీకు తెలియవు. మా ఇంట్లో కూడా ఎవరూ ఆ పేర్లు పలకలేదు. నల్లది, తెల్లది, అంతే.

మధ్యాహ్నం అన్నాలు తిని వీధంతా నడుం వాల్చే వేళ అత్త టీవీ ముందు చాప పరిచేది. టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెడితే ఆట మిషన్‌లోకి ఎక్కడానికి ఐదారు నిమిషాలు. అంతసేపూ ఒకటే కీచు రొద. ఈలోగా కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి. ఒక ఎండాకాలం సెలవుల్లో నేను అక్కడ ఉండగా ఒకే మధ్యాహ్నం నాలుగుసార్లు పోయింది. ఐదోసారి ఆట మొదలయ్యేదాకా ఆమె చాప మీద నుంచి లేవలేదు. వోల్టేజి పడిపోతుందని మమ్మల్ని ఫ్యాను కూడా వేయనివ్వలేదు. చెమటలు కారుతూ అందరం ఆమె వెనక కూర్చున్నాం.

ఒకే ఆట రెండు మిషన్లకూ దొరికితే ఆమెకు పండగ. గుహలో నిచ్చెనలెక్కి తాళంచెవులు ఏరుకునే ఆట ఒకటుండేది. ఒక వారం నల్లదాంట్లో ఆడేది, ఒక వారం తెల్లదాంట్లో. పొడుగు నోటుబుక్కులో ఎడమ పేజీ నల్లదానికి, కుడి పేజీ తెల్లదానికి. ఎంతసేపటికి ఎక్కింది, దూకమంటే వెంటనే దూకిందా, రంగెట్లా ఉంది, శబ్దమెట్లా ఉంది. అన్నిటికంటే కింద ఒక గడి. దానికి 'న్యాయం' అని పేరు పెట్టుకుంది.

రంగులో నల్లది అన్యాయం. ఒక చిన్న గడిలో రెండు రంగులకే చోటు. పచ్చ చొక్కా మనిషి ఎర్ర నిచ్చెన పక్కకు పోతే నిచ్చెన కూడా పచ్చబడేది. నాసిరకం అద్దకంలో రంగు దిగినట్టు ఉందని ఆమె రాసుకుంది. తెల్లదాంట్లో ఆ బాధ లేదు. ఎవరి రంగు వాళ్ళదే. మూడు గొంతులతో పాట కూడా వచ్చేది. కానీ తెల్లదాంట్లో కదిలే బొమ్మలు ఒకే వరసలో నాలుగు దాకానే కనబడేవి. ఐదోది వస్తే అది మాయం. లేకుండా పోవడం కాదు, ఉంటుంది, కనబడదు. కనబడకుండానే వచ్చి మనల్ని చంపేస్తుంది.

మొదటిసారి అట్లా చచ్చినప్పుడు అత్త కర్ర వదిలేసి టీవీ వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత నాతో అంది: "సచ్చినప్పుడు తప్పు నాదై ఉండాల పాపా. నేను తప్పు చేసింటే ఇంకోసారి ఆడతా. మిషన్ తప్పు చేసి నన్ను సంపితే యాడికి పోయి చెప్పుకోవాల?"

నోటుబుక్కు చివరి పేజీలో ఆమె తీర్పు ఉంది. చూసేదానికి తెల్లది, ఆడేదానికి నల్లది. పుస్తకం మీద ఎక్కడా పేరు రాసుకోలేదు. తన ఇంట్లో తన పుస్తకం మీద పేరెందుకు రాసుకుంటుంది?

ఆ బృందంవాళ్ళను ఆమె గడప తొక్కించింది నేనే. మూడేళ్ళ కిందట వాళ్ళ వీడియోలు చూసి, మా అత్త దగ్గర ఇట్లాంటివి రెండున్నాయని మెసేజ్ పెట్టాను. కెమెరాలతో ఇద్దరు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. అత్త కాఫీ ఇచ్చింది, తెల్లదాన్ని టీవీకి తగిలించి చూపించింది. వాళ్ళు మాత్రం గోడ మీది మామ ఫోటో వైపు తిరిగి, సార్ ఎప్పుడు ఆడేవారు, సార్‌కి ఈ ఆసక్తి ఎట్లా కలిగింది అని అడుగుతూనే ఉన్నారు. సార్ ఆడలేదు, నేనే ఆడినాను అని ఆమె రెండుసార్లు చెప్పింది. వాళ్ళు నవ్వి తలలూపారు. ఆ నవ్వుకు అర్థం నాకు అప్పుడే తెలియాల్సింది.

కొన్నాళ్ళు ప్రదర్శనకు పెట్టుకుని తిరిగిస్తామని రెండు మిషన్లూ, నోటుబుక్కూ అడిగారు. వస్తువులు తీసుకున్నట్టు రసీదు అని ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది కదా, నువ్వు చూసి పెట్టు పాపా అంది అత్త. నాకు తిరుగు బస్సు వేళవుతోంది. చదవకుండా సంతకం పెట్టాను.

రెండు నెలలకు వీడియో వచ్చింది. చేనేత మాస్టర్ పరిశోధన అని పేరు. నోటుబుక్కు పేజీలు తిప్పి చూపిస్తూ ఇది ఆయన చేతిరాత అన్నారు. అన్ని విధాలా తెల్లదే మేలని ఆ రోజుల్లోనే ఆయన తేల్చారని చెప్పారు. తెల్లది మరీ అరుదు కాబట్టి అట్లా చెబితే జనం చూస్తారు. అత్త ఫోన్ పట్టుకుని చివరిదాకా చూసింది.

"పేరు తప్పు చెప్పినారు, సరే" అంది. "తీర్పు కూడా తిప్పి చెప్పినారే!"

ఆమె కోపమంతా ఆ రెండో మాట మీదే. ఫోన్ చేసి దిద్దమని అడిగాను. ఇప్పటికే చాలామంది చూసేశారు మేడమ్, మార్చడం కుదరదన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఆ ఏడాది అనంతపురంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో వాళ్ళ ప్రదర్శన జరిగింది. పోదాం పద అంది అత్త. ఒక పెద్ద హాల్లో బల్లల మీద మిషన్లు, చుట్టూ తాడు. నల్లదీ, దాని పక్కన తెరిచి పెట్టిన నోటుబుక్కూ గాజు పెట్టెలో ఉన్నాయి, తాళం వేసి. తెల్లది బయట టీవీకి తగిలించి ఉంది. పైన మామ పేరుతో 'సేకరణ' అని బోర్డు. అత్త తాడు దాటబోతే కాపలాగా నిలబెట్టిన విద్యార్థిని, అమ్మమ్మా ముట్టుకోకూడదు అని ఆపింది. ఆ అమ్మాయిని అత్త తిట్టలేదు. నిన్ను ఈడ నిలబెట్టినాయప్పను పిల్చుకొని రా అంది. మా ఇంటికొచ్చి కాఫీ తాగిన ఇద్దరిలో పెద్దాయన వచ్చాడు.

"ఈ బుక్కులో రాతలు ఎవరివప్పా?" అని అడిగింది.

"మాస్టర్‌గారివే కదమ్మా."

ఆమె విద్యార్థిని దగ్గర పెన్నూ కాగితం అడిగి తీసుకుంది. చివరి పేజీలోని తీర్పును చూడకుండా, అదే గుండ్రటి అక్షరాలతో రాసి, తాడు మీదుగా వంగి, నోటుబుక్కు పక్కనే గాజు మీద పెట్టింది. విద్యార్థిని రెండింటినీ చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళూ చూశారు. ఆయన కూడా చూశాడు. చూసి, ముఖ్య అతిథి వచ్చే టైమైంది మేడమ్, తర్వాత మాట్లాడదాం అన్నాడు.

నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండేది అక్కడే. తెలియక చేసిన తప్పైతే మాఫీ చేయొచ్చు. ఆయన రెండు రాతలూ చూశాడు. చూసి కూడా ముఖ్య అతిథి అన్నాడు.

అత్త తాడు కింద నుంచి దూరబోతుంటే ఆ విద్యార్థిని కొక్కెం తీసి దారిచ్చింది. అత్త తెల్లదాని ప్లగ్గు పీకింది. వైరు చుట్టి, మిషన్‌ను గుడ్డసంచిలో పెట్టుకుంది. అది సంస్థ ఆస్తి అని ఆయన అరిచాడు. ఫైల్లోంచి కాగితం తీసి, రసీదు కాదమ్మా, ఇది దానపత్రం, మీ మేనకోడలే సంతకం పెట్టింది అని అందరికీ చూపించాడు. నా సంతకం, చివర్లో నేను చుట్టే గుండ్రటి సున్నాతో సహా. అత్త దాన్ని చూసి, నన్ను చూసింది.

"కేసు పెట్టుకోపోప్పా" అని ఆయనతో అని నడిచింది. గాజు పెట్టె తాళం ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేదు. నల్లదీ నోటుబుక్కూ అక్కడే ఉండిపోయాయి.

బస్సులో తెల్లదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రాప్తాడు దాటింది. నేనే ఉండబట్టలేక తప్పైపోయిందన్నాను. కిటికీ వైపు తిరిగే ఉండి, "లెక్కలు చెప్పేదానివి. చదివి పెట్టాల్సింది" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆమె తిట్లు చిన్నప్పటి నుంచి తిన్నదాన్ని, అంత నిదానంగా అన్న మాట ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు నా ఫోన్ ఎత్తలేదు. ఐదో నెల తానే చేసి, కొత్త టీవీకి తెల్లది తగలడం లేదు, దానికేదో వైరు ఉంటుందట, తీసుకురా అంది. తీసుకుపోయాను. అదే క్షమాపణ అనుకున్నాను, ఆమె అట్లా అనుకుందో లేదో తెలియదు.

ఆమె పోయిన పదకొండు రోజుల తర్వాత ఆ బృందం ఆఫీసుకు పోయాను. అత్త డిజైన్ కాగితాలు, ఇంటి లెక్కలు, నాకు రాసిన ఉత్తరాలు, అన్నీ పట్టుకుపోయాను. అవే అక్షరాలు. అక్కడి అబ్బాయి వాటిని ముట్టుకోకుండానే కమిటీ ముందు పెడతామన్నాడు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందంటే తెలియదన్నాడు. ఒక్క ఉత్తరం ముక్క కూడా నేను అక్కడ ఇవ్వలేదు. చదవకుండా కాగితం ఇవ్వడం, తీసుకోవడం ఇక నా వల్ల కాదు. కమిటీ కూర్చున్నరోజు కబురు చేస్తే నేనే చేత్తో పట్టుకుని వస్తానని చెప్పాను. కబురు ఇంకా రాలేదు. రాకపోయినా పోతాను.

వచ్చేముందు నల్లదాన్ని చూశాను. ముందు గదిలో, గాజు పెట్టెలో, దీపం కింద ఉంది. నాతోపాటు ఇంకెవరో తండ్రీ కూతుళ్ళు చూస్తున్నారు. తండ్రి కింది చీటీ మీది మామ పేరు పైకి చదివి, ఎంత ఓపికో చూడమ్మా ఆయనకు అన్నాడు. పెట్టె లోపల, అన్ని మీటల మీదా తెల్ల అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎడమకు, కుడికి, పైకి, దూకడానికి వాడే నాలుగింటి మీద మాత్రం ఏమీ లేదు. నున్నగా అరిగి, ఒక్కోదాని మధ్య ఆడమనిషి వేలి కొనంత పల్లం పడి ఉంది.