కాణిపాకం దాకా వెళ్ళిన అనుమానం

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తయితే, దొరికినదాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. డెబ్బైల చివర్లో చిత్తూరులో ఒక ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాను. (ఏ ఆఫీసో చెప్పను. అందులో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్ళ మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు.) నాతోపాటు ఇంకో టెంపరరీ ఉండేవాడు. పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు కాబట్టి అతన్ని అందరం పాకాల అనే పిలిచేవాళ్ళం. మా ఇద్దరిలో ఒకరినే పర్మినెంట్ చేస్తారనీ, రెండోవాణ్ణి ఇంటికి పంపేస్తారనీ, అదంతా ఆఫీసరుగారి సిఫార్సు మీదే ఉంటుందనీ తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. సాయంత్రం ఇంటికి రాగానే నాయన, "ఏమబ్బా, ఖాయమైనట్లేనా?" అని అడిగేవాడు. "అయితాది నాయనా" అనేవాణ్ణి. అన్న ప్రతిసారీ పాకాల మొహం కళ్ళముందు కనబడేది.

అనుమానం నాకు పుట్టుకతోనే ఉంది గానీ, దానికి మేత దొరికింది మాత్రం ఆ ఆఫీసులోనే. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తింటూ, ఆఫీసరుగారు సంతకం పెట్టేటప్పుడు నాలుక కొస బయటపెడతాడని అన్నాను. అందరూ నవ్వారు. పాకాల అందరికంటే ఎక్కువ నవ్వాడు. (నన్నడిగితే, ఎక్కువ నవ్వేవాణ్ణే ముందు కనిపెట్టి ఉండాలి.) సాయంత్రం ఫైలు పట్టుకుని లోపలికి వెళితే ఆఫీసరుగారు నావైపే చూస్తూ, పెదాలు గట్టిగా బిగించి సంతకం పెట్టాడు. నా మాట ఎవరో మోసేశారు. ఆ తర్వాత ఎవరేమన్నా సాయంత్రానికి లోపలికి చేరిపోయేది. నేను గోడవైపు తిరిగి భోంచేయడం మొదలుపెట్టాను. ఎవరైనా "ఎండలు ఎక్కువగా ఉండాయి గదా" అన్నా, దీన్ని లోపల ఏ రకంగా చెబుతారో అని ఆలోచించి, "నాకేం తెలీదప్పా" అని తప్పుకునేవాణ్ణి.

ఈ బాధ నా ఒక్కడిదే కాదని పెద్దగుమాస్తా నోరు విప్పిన రోజున తెలిసింది. ఆయన భార్యతో పోట్లాడి హోటల్లో తింటున్న సంగతి కూడా ఆఫీసరుగారి చెవిన పడిందట. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఈడ మాటలు మోసేవాడెవడో తేలిపోవాల. ఆదివారం అందరం కాణిపాకం పోదాం. తలకు పోసుకోని, తడిగుడ్డల్తో సామి ముందర నిలబడి, నేను చెప్పలేదని ప్రమాణం చేద్దాం" అన్నాడు. ఆఫీసంతా ఒక్కసారిగా ఫైళ్ళలో మునిగిపోయింది. మా జిల్లాలో కోర్టులో ఏం చెప్పినా చెప్పవచ్చు, కాణిపాకం వినాయకుడి ముందు మాత్రం అబద్ధమాడే మగవాడు లేడు. నాకు మాత్రం పండగలా ఉంది. పాకాల బండారం దేవుడే బయటపెడతాడు, నేను పక్కన నిలబడి చూస్తే చాలు.

ఆదివారం పొద్దున్నే బస్టాండుకు వెళ్ళాను. ఒకరికి జ్వరం, ఒకరికి బంధువులు. ప్రమాణమన్న పెద్దగుమాస్తాకే కడుపునొప్పి అని కబురొచ్చింది. వచ్చింది పాకాల ఒక్కడే. బస్సులో ఒకే సీట్లో కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ వెళ్ళాం. తలస్నానాలయ్యాయి. నీళ్ళోడుతూ గుడి వాకిట్లో నిలబడ్డాం.

"నువ్వు చెయ్ ముందర" అన్నాడు పాకాల.

"నువ్వే చెయ్" అన్నాను నేను.

అతను కాసేపు చొక్కా కొస పిండుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఒక మాట అడగతా. సారు కాఫీ ఇచ్చి సుమ్మనే, ఊరికే మాట్లాడతాడే, అది గూడా లెక్కలోకి వస్తాదా?" అన్నాడు.

"నిన్ను గూడా పిలుస్తాడా?"

"పిలిచి, 'ఈ ఆఫీసులో నువ్వొక్కడివే నమ్మకస్తుడివి' అని నాతో చెప్పినాడే."

నాతోనూ సరిగ్గా అదే చెప్పాడు. సాయంత్రాలు లోపలికి పిలిచి, "కూర్చోవోయ్, ఏమిటి విశేషాలు?" అనేవాడు. ఆ కాఫీ మహిమ ఏమో, పాకాల రైలు దిగి టిఫిను చేసి తీరిగ్గా వస్తాడని నేనే చెప్పాను. పెద్దగుమాస్తా హోటలు భోజనం కూడా నేను చెప్పిందే. (దాన్ని నేను చాడీ అనుకోలేదు. నేను చెబితే సమాచారం, ఇంకొకరు చెబితే చాడీ.) నాలుక సంగతి చెప్పింది తానేనని పాకాల ఒప్పుకున్నాడు. కడుపునొప్పివాళ్ళూ జ్వరంవాళ్ళూ ఎందుకు రాలేదో ఇద్దరికీ అర్థమైపోయింది. ప్రమాణం మాట ఎత్తకుండా దండం పెట్టుకుని బయటపడి, ఇకమీదట లోపల ఏమీ చెప్పకూడదని అనుకున్నాం.

సోమవారం నుంచి ఎన్ని కాఫీలు తాగినా నేను "అందరూ బాగుండారు సార్" తప్ప ఇంకో మాట చెప్పలేదు. ఆఫీసరుగారికి మతి పోయింది. మేమంతా కలిసి తన మీద ఏదో చేస్తున్నామని ఆయనకు అనుమానం పట్టుకుంది. చెప్పులు విడిచి చప్పుడు కాకుండా వచ్చి మా వెనక నిలబడేవాడు.

కొన్నాళ్ళకు ఆర్డరు వచ్చింది. ఖాయమైంది పాకాలకు. నన్ను నెలాఖరుకు పొమ్మన్నారు. పాకాల నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, "పా, కాణిపాకం పోదాం. ఆపొద్దు చెయ్యలేదు గానీ ఈపొద్దు చేస్తా. మనం అనుకున్నంక నేను లోపల ఒక్క మాట గూడా చెప్పలేదు" అన్నాడు.

"ఎందుకులేప్పా, నాకు నీ మీద నమ్మకం ఉండాది" అన్నాను.

ఆ ఆఫీసులో నేనాడిన పెద్ద అబద్ధం అదే. అతను నిజంగానే ప్రమాణం చేసేస్తే, నా ఉద్యోగం పోవడానికి అతను కారణం కాదని తేలిపోతుంది. అప్పుడు ఇంటికెళ్ళి నాయనకు ఏమని చెప్పాలి, నాకంటే అతను బాగా పనిచేశాడనా? "పాకాలవాడు చాడీలు చెప్పినాడు నాయనా" అన్నాను ఆ సాయంత్రం. నాయన నమ్మేశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తిరుపతికి బస్సులోనే పోయాడు గానీ, పాకాల మీదుగా పోయే రైలు ఎక్కలేదు.

తర్వాత నాకూ తిరుపతిలో వేరే ఉద్యోగం దొరికింది, రిటైరూ అయ్యాను. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నా మీద, ఆ కుర్రవాడి మీద, కోపం రాదు, నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఉద్యోగం పోయిన రోజున పాపం వాడికి మిగిలింది ఆ అనుమానం ఒక్కటే. దాన్ని కూడా వదులుకోమంటే ఎలా వదులుకుంటాడు?