పసుపు పెట్టిన వెబ్‌సైటు

ఇళ్లల్లో ఇంటర్నెట్ ఇంకా రాని రోజులు. జంషెడ్‌పూర్‌లో పని పడి, విజయవాడలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని హోటలు కోసం వెతికాను. ఆ ఊళ్లో కద్మా అనే పేటలోని ఒక హోటలు వెబ్‌సైటు పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. ముందు వినాయకుడు వచ్చాడు. తర్వాత నాలుగు మూలలా పసుపు పూసిన మచ్చలు. ఎవరిదో శుభలేఖ తెరిచానేమో అనుకున్నాను. కింద గదుల వివరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అడుగున ఒకే ఒక్క తెలుగు వాక్యం: "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన." అంత దూరాన తెలుగు కనిపించిందని ఫోన్ చేసి గది మాట్లాడుకున్నాను.

"మా సైటు ఎలగుందండీ?" కౌంటర్ దగ్గర యజమాని మొదటి ప్రశ్న అదే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ మనిషి.

"శుభలేఖలా ఉంది" అన్నాను. నేనేమీ పొగడలేదు. ఆయన మాత్రం పొంగిపోయాడు.

"మరి మనుసుల్ని పిలవడానికే కదండీ! పసుపెట్టకుండా పిలుత్తామేటి?"

కంప్యూటర్ ముందున్న కూతురు తల తిప్పకుండా, "మైనే మనా కియా థా, పాపా" అంది. సైటు తయారుచేసింది ఆ అమ్మాయే. పసుపు వద్దని ముందే చెప్పిందట.

ఆయన వినిపించుకోలేదు. బయటికి వెళ్లి, నేను దిగిన ఆటోలోకి తొంగిచూసి వచ్చాడు.

"అమ్మగారూ, పిల్లలూ ఏరండీ?"

"ఒక్కణ్నే వచ్చాను."

ఆయన ముఖం చిన్నబోయింది. "అంత మర్యాదగా పిలిత్తే ఒక్కరే వచ్చీసారేటి బాబూ!"

తాళం నా చేతిలో పెట్టి, పెళ్లివారు రాలేదన్నంత దిగులుగా కూతురి వైపు తిరిగాడు.

"గదిలో ఎక్కువ ఏయించిన మూడు మంచాలు తీయించీయమ్మా."