రాజోలు సత్యం ఆపని కెమెరా

ఇది రాయకూడదనే అనుకున్నాను. ఒకణ్ణి చూసి కుళ్ళుకున్న సంగతి పదిమందికీ చెప్పుకోవడం ఏం గొప్ప? కానీ అమలాపురం నుంచి రాజోలు సత్యం దగ్గరికి ఎలా వెళ్ళాలని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను వెళ్ళిన దారి చెప్పాలంటే ఎందుకు వెళ్ళానో చెప్పక తప్పదు.

సీడీలు వచ్చినా కేసెట్లు ఇంకా పోని రోజులవి. కువైట్‌లో ఉన్న మా తమ్ముడి కొడుక్కి, వాళ్ళమ్మ క్షేమంగా ఉందని నేనే స్వయంగా వీడియో తీసి పంపాను. సినిమా ఎందరు కలిసి తీసినా కర్త దర్శకుడే, పేర్లు చూడకుండానే వాణ్ణి నాలుగు షాట్లలో పోల్చుకోవాలి అనే వాదాన్ని పాత పత్రికల్లో చదివి, ముప్పై ఏళ్ళుగా కనపడినవాళ్ళకల్లా బోధిస్తున్నవాణ్ణి. వాడు ఫోన్ చేసి, "బాగుంది పెదనాన్నగారూ. ఈసారి మాత్రం రాజోలు సత్యంగారి చేత తీయించండి. మా గదిలో అందరి ఇళ్ళ కేసెట్లూ ఆయనే తీసేరు," అన్నాడు.

ఉదయం ఏడున్నరకి అమలాపురంలో బస్సెక్కాను. అప్పట్లో టికెట్టు పన్నెండు రూపాయలు. గన్నవరం దగ్గర కాలవే వంతెనెక్కి గోదావరి పాయని దాటుతుంటే పక్కనే బస్సూ దాటుతుంది. అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆ పూట నాకదేమీ పట్టలేదు.

సత్యం వీడియో షాపు రాజోలు బస్టాండుకి పది నిమిషాల నడక. వేర్వేరు మనుషులు తీసిన మూడు కేసెట్లు వేయించుకుని, "మీదేదో నేనే చెబుతాను," అన్నాను సత్యంతో.

రెండోది చూడగానే తెలిసిపోయింది. ఒక ముసలమ్మ "అందరం బాగున్నాం నాయనా" అనేసింది. అక్కడ ఎవరైనా ఆపేస్తారు, నేనూ ఆపాను. ఈయన ఆపలేదు. ఆవిడ కాసేపు నేల చూసి, కొంగుతో అరుగు దులిపి, ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలి పక్కకి జరిగింది.

నా సిద్ధాంతం నిజమైనందుకు సంతోషించాలి. ఒళ్ళు మండింది.

"ఎందుకు ఆపరండీ?"

"ఆయ్, మాటలైపోయేకే కదండీ మనిషి కనపడేది," అన్నాడు సత్యం, టీ గ్లాసు అందిస్తూ.

అలాంటి వాక్యం ఒక్కటి రాద్దామని నేనెన్ని దస్తాల కాగితం పాడుచేశానో!

"ఎంతవరకు చదివేరు?"

"ఎనిమిదితో సరండి. తర్వాత పెళ్ళిళ్ళలో లైటు పట్టుకున్నానండి."

భోజనాలయ్యాక ఇద్దరం మా మరదలుండే మామిడికుదురుకి ఆటో ఎక్కాం. నా కెమెరా కూడా ఒళ్ళో ఉంది, ఎందుకని అడక్కండి. ఆటో అతను అద్దంలోంచి చూసి, "మీకే కెమెరా ఉంది కదండీ మాస్టారూ, మళ్ళీ సత్యంగారెందుకండీ?" అన్నాడు. సత్యం నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

దారంతా ఆలోచించాను. కర్త అనేవాడు వెండితెర మీదే ఉంటాడని ఎవరన్నారు? గదిలో నలుగురు చూసే కేసెట్టుకీ ఉంటాడు. అది నేను కాకపోవడమే నా ఏడుపు. మీరు వెళ్ళేటట్టయితే ఒక్క మాట: సత్యం మూడు దాటి ఎండ వాలితేగానీ కెమెరా బయటికి తియ్యడు. పొద్దున బస్సుకి పరుగెత్తకండి, పదకొండు బస్సు చాలు.

మా మరదలు వీధి అరుగు మీద కూర్చుంది. "వేళకి తింటున్నావా?" అని అడిగి ఊరుకుంది. కెమెరా తిరుగుతూనే ఉంది. అందులో ఏం కనపడుతోందో చూద్దామని సత్యం భుజం వెనక్కి చేరాను.

"మాస్టారూ, కాస్త ఇవతలకి రండి. మీ నీడ అమ్మగారి మీద పడుతోందండి."

జరిగాను.