చెత్తకు పెట్టిన మంట

ఊరివాళ్లతో కలిసి కొత్వాల్‌గూడ దగ్గర ఒక చిట్టడవి పెంచుతున్నాం. ఎండాకాలం మంటల గురించి చెప్పడానికి ఈ రోజు పొద్దున అక్కడ మీటింగ్ పెట్టాను. ఎండుటాకులకు నిప్పు పెట్టొద్దంటే అందరూ తలలూపారు. ముగించేలోపే నా వెనక పొగ లేచింది. మీటింగ్ కోసం చోటు ఊడ్చిన యాదమ్మక్క ఆ ఆకుల కుప్పకు అగ్గిపుల్ల గీసి పెట్టింది. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసరికి, నిరుడు ఆమే నాటిన వేపమొక్కలు కాలిపోయాయి.

"ఇంతసేపు చెప్పింది ఇదే కదక్కా?"

"నువ్వు చెప్పింది అడవి ముచ్చట కద సారూ. ఇది చెత్త. ఊడ్చినంక కాలబెట్టకుంటే ఎట్ల?"

రేపు తొండుపల్లిలో మీటింగ్. అక్కడ ఏర్పాట్లు చూస్తున్న అన్న ఇప్పుడే ఫోన్ చేశాడు. "పరేషాన్ గాకు సార్, జాగ మంచిగ ఊడ్పిస్తం" అన్నాడు. సరేనన్నాను. ఇంకేమనాలో తెలిస్తే మీరు చెప్పండి.