చినుకులాయన

అదే చెబుతున్నా కదా, మా బావగారిది పిచ్చి కాదు. పిచ్చయితే ఏదో ఒక మందుండేది. వాన మొదలైతే లోకంలో మనుషులంతా లోపలికి పరిగెడతారు, మా అక్క మొగుడు మాత్రం చేతికందిన గిన్నె పట్టుకుని బయటికి పరిగెడతారు. అంతే ఆయనకున్న జబ్బు. మిగతా అన్ని విషయాల్లో నిక్షేపంలాంటి మనిషి. వీధి వీధంతా ఆయన్ని 'చినుకులాయన' అంటారు. అలా పిలిస్తే పలుకుతారు కూడా!

ఇదంతా బ్లూబెర్రీ చెట్లు తెచ్చిన తంటా. కళ్ళజోళ్ళ షాపు మూసేసి ఇంటిపట్టున కూర్చున్నాక, ఎవరో ఒక మొక్క ఇస్తే పెరట్లో పెద్ద కుండీలో పెట్టారు. ఒక్కటే ఉంటే చాలదట, పక్కన వేరే రకం ఇంకోటి ఉంటేనే కాపు బాగుంటుందట. పెళ్ళిసంబంధం వెతికినట్టు ఊరంతా వెతికి రెండోది తెచ్చారు. ఇక వాటి గారాబం చూడాలి! మట్టి పుల్లగా ఉండాలి, మొదళ్ళ చుట్టూ ఎండిన పైన్ ఆకులు పరవాలి, కుళాయి నీళ్ళు మాత్రం చచ్చినా పోయకూడదు.

"కుళాయి నీళ్ళకేమొచ్చింది బావా? మేమంతా అవే తాగి బతకట్లేదూ?" అన్నాను.

"నువ్వు బతుకుతావు టీచరమ్మా, గట్టిపిండానివి. కుళాయి నీళ్ళలో సున్నం ఉంటుంది. అది తగిలిందా, మట్టిలో పులుపు విరిగిపోతుంది. ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. వాటికి వాననీళ్ళే పడాలి."

అప్పటినుంచి మా అక్క వంటింట్లో గిన్నెలకి భద్రత లేదు. మబ్బు పట్టిందంటే పాలగిన్నె పట్టుకుని నిలబడుతుంది, కాపలాకి.

"మీ బావ గొడుగు ఎందుకు పట్టుకెళ్తారో తెలుసా?" అంది ఒకరోజు.

"తడవకుండా ఉండటానికేగా?"

"నీ మొహం! తిరగేసి పట్టుకోవడానికి. ఆయన తడిసి ముద్దయి వస్తారు, గొడుగు నిండా నీళ్ళొస్తాయి."

నా రిటైర్మెంటు సభ సంగతి చెప్పనా? హెడ్‌మాస్టరుగారు నన్ను ఆకాశానికెత్తేస్తున్నారు. నా జీవితంలో అంత పొగడ్త మళ్ళీ రాదు. సరిగ్గా అప్పుడే చినుకులు. ముందు వరసలో బావగారు లేచారు. వేదికెక్కారు. బల్లమీది కూజాలోంచి పూలన్నీ తీసి హెడ్‌మాస్టరుగారి చేతిలో పెట్టి, కూజా పట్టుకుని చక్కా పోయారు. పాపం ఆయన పూలు పట్టుకుని, నా సేవల గురించి ఏం చెబుతున్నారో మర్చిపోయి, "అందరూ క్షేమంగా ఇళ్ళకి వెళ్ళండి" అని ముగించేశారు.

పోనీ అంత చేసి పండించిన పండు ఒక్కటి నోట్లో వేసుకోనిస్తారా? నీలంగా నిగనిగలాడుతుంటే చెయ్యి చాపాను. చేతిమీద ఒక్కటేశారు.

"నీలంగా ఉంది కదా బావా!"

"తొడిమ దగ్గర ఎరుపు కనబడట్లేదూ? ఇంకా ఆగాలి. బొటనవేలు తగిలిస్తే దానంతటది రావాలి, లాగకూడదు. ఇన్నేళ్ళు పిల్లలకి పాఠాలెలా చెప్పావే, ఇంత తొందరున్నదానివి?"

ఇంతకీ అసలు సంగతి ఎదురింటి టైలరమ్మది. ఒక్కతే ఉంటుంది. చిన్న వరండా, ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో కాపురం. పాత సిమెంటు శ్లాబు. వానొస్తే ఆ ఇంటి బయటకన్నా లోపలే ఎక్కువ కురుస్తుంది. ఎవరి సాయమూ పట్టని మనిషి. సంచి బరువుగా ఉంది, ఇటివ్వండి అంటే, "నా చేతులేం పడిపోలేదు" అంటుంది. అలాంటి ఇంటికి మా బావగారు వానొచ్చిన ప్రతిసారీ బకెట్లతో తయారు.

"చెల్లెమ్మా, నీళ్ళు!"

"రండి అన్నయ్యగారూ. ఆ గోడవార పెట్టండి, అక్కడ ధార బాగుంది."

ఆయన బకెట్లు పెడతారు. మిషను పక్కకి జరుపుతారు. కుట్టాల్సిన బట్టలమీద ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. "బట్టలు తడిస్తే రంగు నీళ్ళలో దిగుతుంది చెల్లెమ్మా, నా చెట్లకి పడదు" అని గదమాయింపు కూడా! ఎదుటివాళ్ళ ఇల్లు కారుతుంటే సంబరపడే మనిషి ఎక్కడైనా ఉంటాడా అని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

మొన్నటి వానకి నేనూ రెండు బకెట్లు మోశాను. టైలరమ్మ గుమ్మం దాటి, ఆవిడకి కనబడకుండా సందు మలుపు తిరగ్గానే, ఆయన నీళ్ళన్నీ మురిక్కాలవలో పోసేశారు.

"బావా! ఇదేం పని?"

"అరవకు! నా డ్రమ్ములు ఎప్పుడో నిండాయి. నిండకపోయినా ఇవి పొయ్యను. ఆ ముసలి సిమెంటులోంచి దిగిన నీళ్ళివి, అంతా సున్నమే. ఒక్క చెంబు పోశానంటే నా చెట్లు మంచమెక్కుతాయి."

"మరి ఈ మోతంతా దేనికి?"

"నీ ఇల్లు కారుతోంది, సాయం చేస్తానమ్మా అంటే ఆవిడ తలుపేసుకుంటుంది. నాకు సాయం చెయ్యమ్మా అంటే తలుపు తీస్తుంది. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు. ఈ ఒక్కటీ నానబెట్టు."

నోరు కుట్టేసుకున్నాను. మర్నాడు జాకెట్టు వదులు చేయించుకోవడానికి టైలరమ్మ దగ్గరికెళ్ళాను. చూద్దును కదా, శ్లాబు పగులు పాకి పాకి సరిగ్గా మిషను నెత్తిమీదకొచ్చింది. ఈసారి జరపడానికి చోటు కూడా లేదు. మిషను మోటారు తడిసిందంటే ఆవిడ బతుకుతెరువు పోయినట్టే.

"బాగుచేయించరాదూ?" అన్నాను.

"మా తమ్ముడు మేస్త్రీనే కదండీ. చేసిపెడతానని వెంటపడుతున్నాడు. నేనే వద్దంటున్నా."

"అయ్యో, ఎందుకు?"

టైలరమ్మ మిషను ఆపి, గొంతు తగ్గించింది. "బాగుచేస్తే పాపం ఆ అన్నయ్యగారి చెట్లు ఏం తాగుతాయి? మొన్న గిన్నెడు పళ్ళు తెచ్చి, ఇదంతా నీ నీళ్ళ రుచే చెల్లెమ్మా, అన్నారు. అంత ఆశగా బకెట్లు పట్టుకొచ్చే మనిషికి లేదని ఎలా చెప్పను? ఈ సంగతి ఆయన చెవిన పడనివ్వకండి టీచరమ్మా, నొచ్చుకుంటారు."

ఇదీ వరస! ఈవిడ కోసం ఆయన పనికిరాని నీళ్ళు మోస్తుంటే, ఆయన కోసం ఈవిడ కారే కొంపలో కూర్చుంది. మధ్యలో నేను, రెండు రహస్యాలు కడుపులో పెట్టుకుని! పిల్లల్ని మాట్లాడొద్దని అరిచినన్నాళ్ళూ తెలియలేదు, మాట్లాడకుండా ఉండటం ఇంత కష్టమని. ఏ ఒక్కరికి చెప్పినా ఇద్దరి సరదా పోతుంది. చెప్పకపోతే మిషను పోతుంది.

అందుకే మా స్నానాలగది రిపేరుందని చెప్పి ఆవిడ తమ్ముడి నంబరు తీసుకున్నాను. అదిగో, ఉరిమింది. పక్కింట్లో మా అక్క గిన్నెలు దాస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడే ఆ తమ్ముడికి ఫోన్ చేసి చెబుతాను. శ్లాబంతా గట్టిగా పూసెయ్యి నాయనా, మిషను మీద చుక్క పడకూడదు. మీ అక్క వద్దంటే, చెట్లకి నీళ్ళు మిగులుస్తానులే అను. అన్నట్టే వరండా మూల మాత్రం ఒక్క చోట, బకెట్టు పట్టేంత, కారనిచ్చి వదిలెయ్యి.