నిప్పన్న సాక్ష్యం

ఆ వీధిలో చొక్కాలన్నీ అతని చేతిమీదుగానే పోవాలి. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో వేగి వేగి కుడిచేయి మోచేతి దాకా నల్లబడింది. ఆ చేయి చూసే ఒక టీవీ ఛానల్ వాళ్ళు అతన్ని ఏరుకున్నారు.

ఆ వేసవిలో ఊళ్ళో పెద్ద రగడ. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయనీ, మధ్యాహ్నం పూట బయట పని ఆపకపోతే కూలీలు చచ్చిపోతారనీ వాతావరణ పరిశోధకురాలు ఒకావిడ నివేదిక ఇచ్చింది. పని ఆగితే బిల్డింగులు కట్టే కంపెనీలకు నష్టం. వాళ్ళ ప్రకటనలతో బతికే ఛానల్ వెంటనే చర్చ పెట్టింది. ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క ఇతను. ఏళ్ళ తరబడి కొలిచి తేల్చిన లెక్కలకు పోటీగా ఇస్త్రీ చేసే మనిషిని కూర్చోబెట్టి దాన్ని చర్చ అనాలంటే సిగ్గు వదిలేయాలి. వాళ్ళు ఎప్పుడో వదిలేశారు.

"అమ్మా, మీరు ఏసీ గదిలో కూర్చుని ఎండని చదువుకున్నారు. నేను దాంతో కాపురం చేస్తున్నా," అన్నాడతను. "ఎండకి మనుషులు పోతారా? పని ఎగ్గొట్టడానికి చదువుకున్నోళ్ళు కనిపెట్టిన జబ్బు ఇది."

స్టూడియో పగలబడి నవ్వింది. ఆవిడ జవాబు చెప్పబోతే యాంకర్ ప్రకటనలకు వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి అతను ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాడు. 'నిప్పన్న' అని పేరు కూడా పెట్టేశారు. అంతకుముందు మూట విసిరేసి పోయేవాళ్ళు ఇప్పుడు ఆగి, "ఏం నిప్పన్నా, ఇవాళ చలిగా ఉందా?" అని పలకరిస్తున్నారు. పుట్టాక మొదటిసారి అతని మాటకు విలువ వచ్చింది. ఆ రుచి పాడుది.

తమ్ముడు ఊరి చివర అపార్ట్‌మెంట్లు కట్టేచోట కూలి. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, కాసేపు నీడకి పోతామంటే మేస్త్రి నీ వీడియో పెట్టి చూపించాడు. ముఠా అంతా నన్నే తిడుతోంది."

"తిట్టనీరా. మీ వదిన చేతి కూడు తిని పెరిగినోడివి, ఎండకి కరిగిపోతావా?"

"నువ్వు పందిరి కింద ఇస్త్రీ చేస్తావు కదా, నీకేం," అన్నాడు తమ్ముడు నవ్వుతూనే.

ఆ వారమే చువ్వలు మోస్తూ కుప్పకూలాడు. కబురందుకుని పరిగెత్తిన అన్నే ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. గుండెపోటని కంపెనీ రాయించుకుంది. ఎండదెబ్బ అని కార్మిక అధికారి విచారణలో తేలితేనే తమ్ముడి భార్యకు పరిహారం.

విచారణకు ముందురోజు ఆమె వచ్చింది. "బావగారూ, ఒళ్ళెలా కాలిపోయిందో మీరొక్కరు చెప్తే చాలు."

"చెప్పకుండా ఎలా ఉంటానమ్మా. నా తోడబుట్టినోడు."

కార్మిక అధికారి గదిలో కంపెనీ లాయరు ముందుగా ఆ వీడియో పెట్టాడు. తర్వాత ఎంతో మర్యాదగా అడిగాడు. "నిప్పన్నగారూ, ఆ రోజు అంతమంది ముందు మీరు అబద్ధం చెప్పారా?"

గుమ్మంలో మూగిన జనం ఫోన్లు ఎత్తారు. అతను వాటికేసి చూశాడు. తప్పు మాట అన్నానని ఒప్పుకుంటే రేపు అవే ఫోన్లు ఏమని నవ్వుతాయో అతనికి తెలుసు.

"అబద్ధాలాడటం మా ఇంటావంటా లేదు సార్."

"మరి మీ తమ్ముడు?"

"వాడు చిన్నప్పట్నుంచీ నీరసం మనిషేనండి."

"ఒళ్ళు కాలిపోతోందని ఏడ్చింది మీరే కదా బావగారూ," అంది మరదలు, గొంతు పెంచకుండా.

"జ్వరమేమోనమ్మా."

అధికారి ఫైలు మూసేశాడు. చంపింది కంపెనీయే. సంతకం మాత్రం అన్న చేత పెట్టించుకుంది.

బయటికి రాబోతుంటే నలుగురు కుర్రాళ్ళు అతన్ని చుట్టుకున్నారు. "నిప్పన్నా, ఒక్క సెల్ఫీ." అతను కాలరు సర్దుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒకడికి సరిగా రాలేదని మళ్ళీ తీశారు.

మరదలు వాళ్ళ వెనక ఉంది. దారిలేదు. వాళ్ళ ఫోటోలు అయ్యేదాకా ఆగింది.