ప్లేట్ల మీద పేర్లు

మొయినాబాద్ రోడ్డు మీద మా షాపు తెరిచిన రోజు మా ఊరివాళ్లు షేర్ ఆటోల్లో కిక్కిరిసి వచ్చారు. కొనడానికి కాదు, చూడ్డానికి. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చిన అవ్వలు కూడా ఉన్నారు. బియ్యం నుంచి బనియన్ల దాకా అన్నీ ఒకే కప్పు కింద దొరికే అంత పెద్ద దుకాణం మా వైపు అంతకుముందు లేదు. అందులో గిన్నెల సెక్షన్‌లో నాకు ఉద్యోగం దొరికింది. స్టీలు సామాను మీద పేర్లు కొట్టే మిషన్ నా చేతికిచ్చారు.

ఆ పని నేను చేవెళ్ల బజారులో ఒక సావుకారి గిన్నెల దుకాణంలో నేర్చుకున్నాను. ఆ మిషన్ చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. కరెంటు పెడితే కొసన ఉన్న సూది జుయ్‌మంటూ కొట్టుకుంటుంది. చెయ్యి వణక్కుండా పట్టుకుని స్టీలు మీద అక్షరాలు రాయాలి. మా వైపు పెళ్లికి ఇచ్చే బిందె మీద, గృహప్రవేశానికి ఇచ్చే డబ్బా మీద ఇచ్చినవాళ్ల పేరు లేకపోతే ఇచ్చినట్టే లెక్క కాదు. పెద్ద షాపు వచ్చాక సావుకారి దగ్గరికి జనం రావడం మానేశారు. ఆయన గిన్నెలు అమ్మేసి, ఆ గదిని సెల్‌ఫోన్ల దుకాణానికి కిరాయికిచ్చాడు. నేనేమీ బాధపడలేదు, అబద్ధమెందుకు. నాకు యూనిఫాం వచ్చింది, కుర్చీ వచ్చింది, తలమీద చల్లగాలి వచ్చింది. పెళ్లయిన కొత్తలో మా పక్కూరు, సిటీలోది కాదు, ఇక్కడి హిమాయత్‌నగర్ చేలల్లో కలుపు తీసి తీసి నడుం పోగొట్టుకున్న మనిషిని. మళ్లీ ఎండలోకి వంగే పనికి పోకూడదు, నాకు కావలసిందల్లా అదొక్కటే.

ఏళ్లు బాగానే గడిచాయి. ఆదివారాలు ఫాంహౌస్‌లకు వచ్చే సిటీవాళ్లు బొగ్గులు, పేపరు ప్లేట్లు బండెడు కొనుక్కుపోయేవాళ్లు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు చిప్స్ కొని, ఏసీలో తిని, మెహదీపట్నం బస్సు వచ్చేదాకా కదిలేవాళ్లు కాదు. ముందు ఆ పిల్లలు మాయమయ్యారు. తర్వాత సిటీవాళ్లు. వాళ్ల బదులు భుజాన పెద్ద సంచీలు వేసుకున్న డెలివరీవాళ్లు రావడం మొదలైంది. మా షాపు నీడలో బండి ఆపేవాళ్లు, మా కూలర్లో నీళ్లు తాగేవాళ్లు, మా ఊళ్లో ఇళ్లకు దారి మమ్మల్నే అడిగేవాళ్లు. మేమూ పుణ్యమొస్తుందన్నట్టు చెప్పేవాళ్లం, ఎడమకు తిరుగు, నీళ్ల ట్యాంకు దాటు అని.

సరుకు రావడం తగ్గింది. ర్యాకులు ఖాళీగా కనిపించకుండా ఉన్న సరుకంతా ముందు వరుసకు లాగి పెట్టమన్నాడు మేనేజర్ సార్. పొద్దున్నే మా అందరికీ అదే పని. దూరం నుంచి చూస్తే నిండుగానే ఉండేది. ఒక సబ్బు తీస్తే వెనక ఇనుప రేకు కనిపించేది.

ఒకరోజు హెడ్డాఫీసు నుంచి ఒకాయన కారులో వచ్చి, షాపంతా తిరిగి, క్రిస్మస్ దాకా చూస్తామన్నాడు. సేల్ లేకపోతే ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆయన వెళ్లాక సార్ ముఖం చూసి నేనే నోరు తెరిచాను. మా ఊరి చర్చిలో ప్రేమవిందు ప్లేట్లు సొట్టలు పోయాయని, పండుగకు కొత్తవి కొంటున్నారని, ఆ ఆర్డరు మన షాపుకే వస్తుందని చెప్పాను.

నేను గాల్లో మాట చెప్పలేదు. ఆరాధన తర్వాత అందరం కలిసి తిననీకి పెద్ద పెద్ద కట్టల ప్లేట్లు కావాలి. ప్రతి ఇల్లూ తమ ఇంట్లో చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం కొన్ని ఇస్తుంది, వాటి మీద ఆ పేర్లు కొట్టిస్తుంది. చర్చి సంఘం కూడుకున్నప్పుడు ఈ సంగతి వస్తే, "పేర్లు కొట్టనీకి మన పిల్ల ఉన్నది గద, ఇగ ఫికరెందుకు" అన్నాడు సంఘ పెద్ద. అందరూ నావైపు తిరిగి నవ్వారు. ఇంకేం కావాలి? ప్లేట్లు ఎక్కడ కొంటారని అడిగితే దేవుడి పనిలో బేరం పెట్టినట్టుంటుందని అడగలేదు. మనవాళ్లు, ఎక్కడికి పోతారు అనుకున్నాను.

నా మాట మీద సార్ హెడ్డాఫీసుతో కొట్లాడి ప్లేట్లు తెప్పించాడు. మా షాపుకు వచ్చిన ఆఖరి కొత్త సరుకు అదే. అట్టపెట్టెలు నా కుర్చీ వెనక నా తల దాటి లేచాయి. వాటికి ఆనుకుని కూర్చుంటే ధైర్యంగా ఉండేది.

క్రిస్మస్‌కు ఇంకా వారాలుండగా, ఒక ఆదివారం చర్చిలోకి అడుగుపెట్టేసరికి ముందు వరుస దగ్గర అట్టపెట్టెలు కనిపించాయి. వేరే అట్టపెట్టెలు, మీద వేరే టేపు. పాస్టరు అయ్యగారు ప్రకటనల్లో చెప్పారు, సంఘ పెద్ద కూతురు ఫోన్‌లో ఆర్డరిచ్చి ప్లేట్లు తెప్పించిందని, బజారు కన్నా చాలా తక్కువకు వచ్చాయని, చర్చి గుమ్మం దాకా తెచ్చి దించారని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకుండా ఎట్లా ఉంటాను? పక్కనున్న వదిన నన్నే చూస్తోంది.

బయటికొచ్చాక సంఘ పెద్దను ఆపాను. "పెద్దయ్యా, ప్లేట్లు మా షాపుల తీసుకుంటరనుకున్న."

"అరే, నీ షాపు యాదికే రాలే బిడ్డా" అన్నాడాయన, నిజంగా ఆశ్చర్యపోతూ. "మా పిల్ల ఫోన్ల ఇట్ల చూసింది, అట్ల అయిపాయె. నువ్వు పేర్లు కొడుతవు గద. దేవుని పని, జర మంచిగ కొట్టు."

ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరిని తిట్టను? మా బాపు చనిపోయినప్పుడు సమాధి తవ్వడానికి ముందు పార పట్టింది ఆయనే. యాదికి రాలేదన్నాడు, అందులో అబద్ధం లేదు. గిట్టక మానేసి ఉంటే పోయి కొట్లాడేదాన్ని. మర్చిపోయినవాళ్లతో ఏం కొట్లాడతాం?

మర్నాడు సార్‌కు చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. అట్టపెట్టెల వైపు చూసి, "నువ్వు చెప్తెనే తెప్పించిన అక్కా" అని మాత్రం అన్నాడు. ఆ మాటకు నాకు తలెత్తబుద్ధి కాలేదు.

హెడ్డాఫీసువాళ్లు పండుగ దాకా కూడా ఆగలేదు. అద్దాల మీద పెద్ద పెద్ద కాగితాలు అంటించి, అంతా సగం ధరకు అన్నారు. అప్పుడొచ్చారు జనం! ఏళ్లుగా మొహం చూపించని వాళ్లంతా వచ్చారు. ట్రాలీల కోసం కొట్టుకున్నారు. నా ప్లేట్లను పెట్టెలతో సహా ఒక వంటల కాంట్రాక్టరు ఎత్తుకుపోయాడు. "ఇంత మంచి షాపు, ఎందుకు మూస్తున్నరమ్మా?" అని ప్రతివాళ్లూ అడిగేవాళ్లే. ఒకామెతో అననే అన్నాను, "నీ చేతుల ఫోనున్నది గద అక్కా, దాన్నడుగు" అని. ఆమె పడీపడీ నవ్వింది.

ఆ గోలలోనే చర్చి ప్లేట్లు గోనెసంచుల్లో ఆటోలో వచ్చాయి. మా షాపులో కొనని సామాను మీద పేరు కొట్టకూడదని రూలు. సార్ దగ్గరికి పోయి నిలబడ్డాను. "కొట్టుకో అక్కా, ఇగ ఎవరు అడుగుతరు" అన్నాడు.

కొట్టాను. చుట్టూ మనుషులు ర్యాకుల బోల్టులు ఊడదీస్తుంటే, ఎవరో ఎక్కడో అమ్మిన ప్లేట్ల మీద మా ఊరి చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే రాసుకుంటూ కూర్చున్నాను. మంచిగానే కొట్టాను, దానికేం తక్కువ చెయ్యలేదు. పెద్దవాళ్ల ఇళ్లవి ముందు, మిగతావాళ్లవి తర్వాత, మా బాపు పేరు కొట్టాల్సిన మా ఇంటివి అన్నిటికన్నా చివర. మర్యాద అదే కదా. సగమన్నా అయ్యాయో లేదో, ఆఖరి రోజు మధ్యాహ్నం మీటరు దగ్గర కరెంటు తీసేశారు. సూది ఆగిపోయింది. కుర్చీ, మిషన్ లారీ ఎక్కాయి. పేర్లున్నవీ లేనివీ కలిపి అవే గోనెసంచుల్లో వేసి ఆటో ఎక్కించాను.

చేవెళ్ల బజారులో గిన్నెల దుకాణం లేదు, ఇంకెవరి దగ్గరా అలాంటి మిషన్ లేదు. పేర్లు సగంలో ఆగిపోయాయని అయ్యగారితో చెబుదామని రెండుసార్లు బయల్దేరి తిరిగొచ్చాను. పార్సిళ్ల గోడౌన్లో పని అడిగితే వయసు చూసి వద్దన్నారు. ఒక ఫాంహౌస్‌లో లాన్‌లో కలుపు పీకే పని దొరికింది. అదీ ఎండలోనే, అదీ వంగే పనే. మా ఆయన ఏదో పని దొరికింది కదా అన్నాడు.

పండుగ రోజు ఆరాధన అయ్యాక షామియానా కింద అందరూ బంతుల్లో కూర్చున్నారు. నేను వడ్డిస్తూ ప్రతి ప్లేటూ చూసుకుంటూ పోయాను. కొన్నిటి మీద పేరుంది, ఎక్కువవాటి మీద లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట సిద్ధంగా పెట్టుకున్నాను, షాపు పోయింది, మిషన్ పోయింది, అందుకే ఆగిపోయాయి అని. అడగాలని ఎంతో కోరుకున్నాను. మా నాన్న పేరేది పిల్లా అని ఒక్కరన్నా కోప్పడితే బాగుండుననిపించింది.

చివరి బంతిలో నేనూ కూర్చున్నాను. నా ముందుకొచ్చిన ప్లేటు నున్నగా ఉంది. మా బాపుదే అనుకుని తిన్నాను.

ఎవరూ అడగలేదు. బగార అన్నం బాగుందని మాత్రం అందరూ అన్నారు.